షజరాలో పేరు లేని ఘడీ

మొన్నటి రంజాన్‌లో మా మొహల్లాలో ఒక రోజా పోయింది. ఒక్కరిది కాదు, మసీదు మైకును నమ్ముకుని సహర్ చేసిన వాళ్లందరిదీ. అందులో మా అమ్మీది కూడా ఉంది. ఆ రోజా పోవడానికి కారణమైన ఘడీని తయారుచేసింది నా కొడుకే. ఈ కిస్సా రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. చివరికి మౌజన్ సాబే "రాయండి భాయ్, దాచుకోవడానికి ఇదేమన్నా చోరీనా" అన్నారు. అందుకే రాస్తున్నా.

మావాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఓ జుమ్మా తర్వాత మసీదు కమిటీ సదర్ సాబ్ వాణ్ణి పక్కకు పిలిచి, "బేటా, పాత డిజిటల్ ఘడీ ఖరాబైంది. కొత్తది కొనే బదులు నువ్వే ఒకటి చెయ్యి. సామానుకు పైసలు మేమిస్తాం" అన్నారు. వాడి సంతోషం చూడాలి. ఈద్ బట్టలు కొన్నప్పుడు కూడా అంత మురిసిపోలేదు. రాస్‌ప్‌బెరీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ తెచ్చాడు. ఎర్ర ఎల్ఈడీ పలకలు తెచ్చాడు. ఏడాదికి సరిపడా నమాజు వేళలు, సహర్, ఇఫ్తార్ వేళలు ఛాపా క్యాలెండర్ చూసి ఒక్కొక్కటే టైపు చేశాడు. నేను పక్కన కూర్చుని చదివి చెప్పాను. మూడు నెలలు ఘడీ బ్రహ్మాండంగా నడిచింది. కమిటీ వాళ్లు మౌజన్ సాబ్‌తో, "ఇక మీ చేతి గడియారం అక్కర్లేదు, బోర్డు చూసి అజాన్ ఇవ్వండి చాలు" అన్నారు. ఆయన 20 ఏళ్లుగా చేతికి కట్టుకున్న హెచ్ఎంటీ వాచీని విప్పి తాఖ్‌లో పెట్టేశారు.

ఆ రాత్రి సహర్ వేళ ఏడెనిమిది నిమిషాలు కరెంటు పోయి వచ్చింది. మసీదు వైఫై రీచార్జి రెండ్రోజుల కిందటే అయిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. కరెంటు రాగానే బోర్డు తనంతట తానే వెలిగింది, అంకెలు చూపించింది. మౌజన్ సాబ్ ఆ అంకెలు చూసే "సహర్ కా వఖ్త్ ఖతమ్" అని మైకులో చెప్పారు. అప్పటికి అసలు వఖ్త్ దాటిపోయి పావుగంట.

ఫోన్లు చూసుకున్నవాళ్లు బచాయించుకున్నారు. మా అమ్మీకి 74 ఏళ్లు. ఆమెకు ఫోనూ మైకే, గడియారమూ మైకే. మైకు చెప్పేదాకా ఆఖరి గుటక నీళ్లు తాగదు, చెప్పాక తాగదు. ఫజర్ తర్వాత ఇమామ్ సాబ్, "వఖ్త్ దాటాక తిన్నవాళ్లు ఇవాళ మగ్రిబ్ దాకా రోజాదారుల్లాగే ఉండండి. ఈద్ తర్వాత ఒక రోజా ఖజా చేసుకోండి" అన్నారు. నేను ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మీ ఏమీ అనలేదు. తస్బీ తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆమె ఖామోషీ నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

మసీదులో మాత్రం గొడవైంది. "20 ఏళ్ల ఇమాన్‌దారీ ఇదేనా?" అని ఎవరో మౌజన్ సాబ్ మొహాన్నే అన్నారు. ఆయన తలొంచుకుని ఒక్కటే మాట చెప్పారు: "ఆస్మాన్ రంగు మారింది, నేను చూశా. కానీ మెషీన్ ఝూట్ చెప్పదనుకుని నా కళ్లను నేనే నమ్మలేదు."

నా కొడుకు ఆ మాట విన్నాడు. ఆ రోజు కాలేజీకి పోలేదు. ఇఫ్తార్ కాగానే మసీదు నుంచి ఆ బోర్డును ఊడదీసి ఇంటికి తెచ్చి నడిగదిలో పెట్టాడు.

నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, అఖ్‌బార్లలో నౌకరీ చేస్తున్నవాణ్ణి. కంప్యూటర్ అంటే నాకు టైప్‌రైటర్ లాంటిదే. అయినా ఆ రాత్రి వాడి పక్కనే కూర్చున్నా. వాడు చేసిన తప్పేదో తెలిస్తే తప్ప అమ్మీ మొహం చూడలేననిపించింది.

మొదట తెలిసిందేమిటంటే, రాస్‌ప్‌బెరీ పై 4 బోర్డు మీద కరెంటు లేనప్పుడు వఖ్త్ గుర్తుపెట్టుకునే గడియారం ఉండదు. మన కంప్యూటర్లలో గుండీ బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఉంటుంది కదా, అది ఇందులో పెట్టలేదు. ఇంటర్నెట్ ఉంటే అక్కణ్నుంచి వఖ్త్ తెచ్చుకుంటుంది. లేకపోతే దానికో ఉపాయం ఉంది. గంటకోసారి అప్పటి వఖ్త్‌ను ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. మళ్లీ వెలిగినప్పుడు ఆ రాసిన చోటి నుంచే లెక్క మొదలెడుతుంది. ఆ ప్రోగ్రాం పేరు ఫేక్ హెచ్‌డబ్ల్యూ క్లాక్. పేరులోనే ఉంది, నకిలీ అని! గంట దాటిన 17వ నిమిషంలో రాసుకోవడం దాని ఆదత్. కరెంటు 4.24కు పోయి 4.31కి వచ్చింది. ఇది మాత్రం 4.17 నుంచి లెక్క మొదలెట్టింది. పావుగంట తేడా అక్కడ వచ్చింది.

"మరి నీకు ఈ సంగతి తెలీదా బేటా?" అన్నాను.

"తెలుసు అబ్బా. అందుకే మొదట్లోనే వేరే గడియారం చిప్ కొని పెట్టా. ఇదిగో చూడండి."

చూపించాడు. గోరంత నల్ల చిప్, పక్కన నాణెం లాంటి బ్యాటరీ. దాని పేరు డీఎస్3231. చాలా నిక్కచ్చి గడియారమట, ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూ తేడా వస్తే ఎక్కువ. నాలుగు వైర్లతో బోర్డుకు కలిపి ఉంది. బ్యాటరీ బాగానే ఉంది. వాడు స్క్రీన్ మీద ఏదో టైప్ చేశాడు. గళ్లగళ్ల పట్టిక వచ్చింది. అన్ని గళ్లలోనూ గీతలే, ఒక్క గడిలో మాత్రం 68 అని ఉంది.

"చూశారా? అది జిందాగానే ఉంది, జవాబిస్తోంది. తగిలించిన రోజు కూడా ఇలాగే 68 కనిపించింది. ఫోటో కూడా తీసుకున్నా. పని అయిపోయిందనుకున్నా."

గడియారం ఉంది. వైరు ఉంది. బ్యాటరీ ఉంది. పిలిస్తే పలుకుతోంది. అయినా ఆ రాత్రి దాన్ని ఎవరూ టైమెంత అని అడగలేదు. ఎందుకు?

మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో చిప్పుల కంపెనీలో చేస్తాడు. తరావీహ్ అయ్యాక వాడికి వీడియో కాల్ చేశాం. అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు: "డివైస్ ట్రీలో రాశావా?" మావాడు నాలుక కరుచుకున్నాడు.

"మామూ, మీకు అర్థమయ్యేటట్టు చెప్తా" అని మొదలుపెట్టాడు నా భాంజా. వాడు చెప్పింది నా మాటల్లో రాస్తున్నా. తప్పులుంటే నావే.

ఫోన్లలో, ఇలాంటి చిన్న బోర్డుల్లో ఉండేది సిస్టమ్ ఆన్ చిప్. పాత కాలపు ఉమ్మడి హవేలీ లాంటిదన్నమాట. లెక్కలు చేసే ప్రాసెసర్, బొమ్మ చూపేది, యూఎస్‌బీ నడిపేది, వైర్ల మీద చిన్న చిప్పులతో మాట్లాడేది, అందరూ ఒకే కప్పు కింద ఉంటారు. లైనక్స్ కెర్నల్ ఆ హవేలీకి కొత్తగా వచ్చిన మున్షీ. కరెంటు రాగానే లేచి, ఎవరికి ఏ పని అప్పగించాలో చూసుకోవాలి. కానీ లోపల ఎవరెవరున్నారో ఆయనకెలా తెలుస్తుంది?

కొందరిని అడిగితే చెప్తారు. యూఎస్‌బీలో మీరు పెన్‌డ్రైవ్ పెట్టగానే కెర్నల్ "నువ్వెవరు?" అంటుంది. అది తన కంపెనీ నంబరు, తన నంబరు చెప్పేస్తుంది. కానీ హవేలీలో చాలామందికి ఆ తమీజ్ నేర్పలేదు. మా గడియారం చిప్ కూర్చున్న ఐ2సీ అనే లైను అలాంటిదే. అక్కడ నంబరు పిలిస్తే "హాజిర్" అని మాత్రమే పలుకుతారు.

నాకు వెంటనే మా ఉర్దూ మీడియం బడి గుర్తొచ్చింది. హాజరీ రిజిస్టర్ తీసి మాస్టర్ సాబ్ రోల్ నంబర్లు చదివేవారు. "హాజిర్ జనాబ్" అని గొంతు వచ్చేది. కొత్తగా వచ్చిన మాస్టర్‌కు ఆ గొంతు ఎవరిదో ఎలా తెలుస్తుంది? రిజిస్టర్లో నంబరు పక్కన పేరుండాలి. 68 కథా అంతే. ఆ నంబరు మీద డీఎస్3231 గడియారం పలుకుతుంది. ఎంపీయూ6050 అని, కదలికలు కొలిచే చిప్ ఒకటుంది, అదీ 68 మీదే పలుకుతుంది. పలికినంత మాత్రాన గడియారం అనుకోలేం. ఎవరో ఒకరు ముందే రాసి ఇవ్వాలి: "ఈ లైనులో 68వ ఇంట్లో ఉన్నది డీఎస్3231 గడియారం" అని.

అలా రాసిపెట్టే కాగితమే డివైస్ ట్రీ. అది కెర్నల్ నడిపే ప్రోగ్రాం కాదు, మామూలు అక్షరాల్లో రాసిన బయానే. మూలం ఒకటి. దాని కింద పిల్లలు, పిల్లల కింద పిల్లలు. ఫలానావాడి కింద ఫలానావాడు, వాడి పతా ఇది, వాడు ఎవరిని ఆనుకుని ఉన్నాడు, పనిపడితే ఏ గంట కొట్టి పిలుస్తాడు. నేను నవ్వాను. "అరే, ఇది షజరా కదరా!"

"హౌ మామూ, షజరానే. నేను పొద్దున్నుంచి రాత్రిదాకా చేసే పని అదే. చిప్పులకు షజరాలు రాస్తా."

ఈ షజరా ఆలోచన ఎక్కడ పుట్టిందని అడిగాను. అఖ్‌బార్ వాడి ఆదత్ పోదు కదా. సన్ కంపెనీ పెద్ద కంప్యూటర్ల కోసం తయారైన ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో మొదలైందట. 1994లో అది ఐఈఈఈ 1275 అనే ప్రమాణంగా వచ్చింది. ఆపిల్ పాత పవర్‌పీసీ మాకింతోష్‌లలోనూ ఆ పద్ధతి ఉండేది. లైనక్స్‌లో పవర్‌పీసీ వాళ్లు దాన్ని ముందు పట్టుకున్నారు. మన ఫోన్లలో ఉండే ఏఆర్ఎం చిప్పుల వాళ్లు మాత్రం చాలా ఏళ్లు వేరే దారిన పోయారు. ఏ బోర్డుకు ఆ బోర్డు, దాని హాలంతా కెర్నల్ ప్రోగ్రాంలోనే రాసేవారు. కొత్త బోర్డు వస్తే కొత్త ఫైలు. అదే చిప్, ఒక వైరు మారితే మళ్లీ ఇంకో ఫైలు. ప్రతి ఇంటికీ వేరే వేరే ఖురాన్ ఛాపా వేయించినట్టు కాదు గానీ, ప్రతి ఇంటికీ వేరే పెళ్లి రిజిస్టర్ ఆఫీసు కట్టినట్టు అనుకోండి.

2011 మార్చిలో లైనక్స్ పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్‌కు ఓపిక నశించింది. ఏఆర్ఎం ఫైళ్ల గందరగోళం మీద బహిరంగంగానే గట్టిగా కసురుకున్నాడు. ఆ తర్వాత అందరూ దిగొచ్చారు. కెర్నల్ వేరు, బోర్డు బయాన్ వేరు అని ఖరారైంది. 2012 డిసెంబర్‌లో వచ్చిన 3.7 కెర్నల్ నుంచి ఒకే ఏఆర్ఎం కెర్నల్‌ను రకరకాల కంపెనీల బోర్డుల మీద నడపడం మొదలైంది. మున్షీ ఒక్కడే. ఏ హవేలీకి పోతే ఆ హవేలీ షజరా చేతికిస్తారు, చదువుకుని పని మొదలెడతాడు. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ పొద్దున వెలిగినప్పుడు కూడా జరిగేది చాలావరకు ఇదే.

షజరా ఇవ్వని ఇల్లుంటే? దానికీ మిసాల్ ఉంది. 2020లో ఆపిల్ ఎం1 చిప్ వచ్చింది. దాని లోపలి హాల్ ఏమిటో ఆపిల్ బయటివాళ్లకు రాసివ్వలేదు. అసాహి లైనక్స్ అనే పేరుతో కొందరు ఔత్సాహికులు తడిమి తడిమి చూసి, ఏ మూల ఎవరున్నారో కనిపెట్టి, తామే షజరా రాసుకున్నారు. 2021లో వచ్చిన 5.13 కెర్నల్‌లో ఆ చిప్‌కు మొదటి చోటు దొరికింది.

రెండో రాత్రి భాంజా మా బోర్డు షజరానే తెరిపించాడు. తెలుగు, ఉర్దూ, హిందీ, కాస్త ఇంగ్లీషు చదివిన నేను ఆ ఫైలు చదివాను. నిజం చెప్తున్నా, కోర్టు కాగితాలకన్నా తేలిక.

చిప్ పేరు బీసీఎం2711. దాని షజరా రెండు భాగాలు. చిప్ లోపల పుట్టుకతో ఏమేం ఉన్నాయో ఒక ఫైలు, దాని పేరు చివర డీటీఎస్ఐ అని ఉంటుంది. ఆ చిప్‌ను ఏ బోర్డు మీద కూర్చోబెట్టారో, ఏ వైర్లు బయటికొచ్చాయో ఇంకో ఫైలు, దాని చివర డీటీఎస్. ఖాందాన్ కథ ఒకచోట, ఈ ఇంటి కథ ఒకచోట. రెండూ కలిపి డీటీసీ అనే ప్రోగ్రాం ఒక చిన్న మూటగా కట్టేస్తుంది, అది డీటీబీ. ఆ మూట మొదట్లో ఎప్పుడూ ఒకే నిశాన్ ఉంటుంది. పదహారుల లెక్కలో రాసిన అంకెలవి, కానీ ఇంగ్లీషులో చదివితే "డూడ్ ఫీడ్" అని వినిపిస్తుంది. రాసినవాళ్ల దిల్లగీ. మన పెద్దలు ఉత్తరం పైన 786 వేసేవారే, అలాగ. ఆ నిశాన్ లేకపోతే కెర్నల్ ఆ మూటను షజరాగా ఒప్పుకోదు.

మా గడియారం కూర్చున్న ఐ2సీ లైను పతా చూశాను. 7ఈ804000 అని ఉంది. "కానీ ప్రాసెసర్ దాన్ని ఎఫ్ఈ804000 దగ్గర వెతుకుతుంది మామూ" అన్నాడు. "ఇదేంది, రాసిందొకటి, వెతికేదొకటా?" అంటే, పైన ఇంకో లైను చూపించాడు. రేంజెస్ అని ఉంది. 7ఈతో మొదలయ్యే పతాలన్నీ బయటివాళ్లకు ఎఫ్ఈతో మొదలవుతాయని దాని మత్లబ్. నాకు వెంటనే అర్థమైంది. మా గల్లీలో ప్రతి తలుపు మీదా పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు రెండూ రాసి ఉంటాయి. పోస్ట్‌మ్యాన్‌కు ఏది ఏదో తెలిస్తే చాలు, ఉత్తరం చేరుతుంది.

కంపాటిబుల్ అని ఇంకో లైను. ఇది నాకు బాగా నచ్చింది. ప్రతివాడి పక్కనా "వీడితో ఎవరు మాట్లాడగలరు" అని రాస్తారు. ఒక్క పేరు కాదు, వరుసగా. ముందు సొంత పేరు: బీసీఎం2711 ఐ2సీ. అది తెలిసినవాళ్లు లేకపోతే తర్వాతి పేరు: బీసీఎం2835 ఐ2సీ. అది మొట్టమొదటి రాస్‌ప్‌బెరీ పైలో వచ్చిన పాత చిప్. కెర్నల్‌లో కొత్త పేరు ఎరిగిన డ్రైవర్ ఉంటే అతను వస్తాడు, లేకపోతే పెద్దాయన పేరు ఎరిగినవాడు వస్తాడు. "ఇతను ఫలానా సాబ్ కొడుకు" అనకపోతే మన ఊళ్లో కుర్రాడిని ఎవరు గుర్తుపడతారు? గడియారం సంగతీ అంతే. డీఎస్3231ను నడిపే డ్రైవర్ పేరు డీఎస్1307. అది ముందొచ్చిన చిప్ పేరు. దాదా పోయినా ఇంటిని ఇంకా దాదా పేరుతోనే పిలుస్తున్నారు.

ఆ తర్వాత స్టేటస్ అనే మాట దగ్గర నా కళ్లు ఆగాయి. ఐ2సీ లైను పక్కన "డిజేబుల్డ్" అని ఉంది.

"ఇదేంటి, ఉన్నవాణ్ణి లేడని రాశారు?"

"లేడని కాదు మామూ. చిప్‌లో ఉన్నాడు, కానీ ఈ బోర్డులో అతనికి పని ఉందో లేదో చిప్ ఫైలు రాసేవాళ్లకు తెలీదు. అందుకే నిద్రపుచ్చి ఉంచుతారు. ఏ బోర్డు మీద వైరు బయటికొచ్చిందో ఆ బోర్డు ఫైలు రాసేవాడు 'ఓకే' అని రాసి లేపాలి."

మావాడు ఆ లైనును లేపాడు. అందుకే 68 పలికింది. లైను వరకు లేపి, ఆ లైనులో ఎవరున్నారో రాయడం మరిచిపోయాడు. అదొక్కటే తప్పు. లైను మీద హాజరీ వినిపించింది కాబట్టి రిజిస్టర్లో కూడా పేరు ఉందనుకున్నాడు. మూడు నెలలు ఇంటర్నెట్ నుంచి సరైన వఖ్త్ వస్తూ ఉంది కాబట్టి, పక్కన గడియారం ఖాళీగా కూర్చుందన్న సంగతి ఎవరికీ తెలియలేదు. చక్కగా నడుస్తున్నప్పుడు పేరు లేనివాళ్లు కనిపించరు. కరెంటు పోయిన రాత్రే కనిపిస్తారు. అఖ్‌బార్‌లో 20 ఏళ్లుగా రేషన్ జాబితాల్లో పేరు లేనివాళ్ల గురించి రాస్తున్నా. మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, "జాబితాలో లేవు" అంటారు. ఈ తర్కం నాకు కొత్త కాదు.

"ఇప్పుడేం చేయాలి? ఫైలంతా మళ్లీ రాయాలా?" అన్నాను.

"అక్కర్లేదు. ఓవర్‌లే వేస్తే చాలు. అసలు షజరాను ముట్టుకోకుండా పైన చిన్న అతుకు."

ఉర్దూలో దానికి మంచి మాటుంది, పైవంద్. బట్టకు వేసే అతుకూ పైవందే, చెట్టుకు కట్టే అంటూ పైవందే. చెట్టుకు పైవంద్ కట్టడమంటే ఇదే కదా అనుకున్నా. మావాడు కాన్ఫిగ్ ఫైల్లో ఒకే ఒక్క లైను చేర్చాడు, ఐ2సీ మీద డీఎస్3231 గడియారం ఉందని. బోర్డు లేచేటప్పుడు ఫర్మ్‌వేర్ ఆ పైవంద్‌ను అసలు షజరాకు కట్టి, ఆ తర్వాతే కెర్నల్ చేతికిస్తుంది. ఆపి మళ్లీ వెలిగించాడు. ఆ పట్టిక మళ్లీ తెరిచాడు. 68 ఉన్న గడిలో ఇప్పుడు 68 లేదు. యూయూ అని రెండు అక్షరాలున్నాయి.

"పోయిందా?" అన్నా కంగారుగా.

"కాదబ్బా! దాన్ని ఎవరో తమదని తీసుకున్నారు. డ్రైవర్ వచ్చాడు."

సరైన వఖ్త్‌ను ఆ చిప్‌లోకి ఎక్కించాడు. నకిలీ గడియారం ప్రోగ్రాంను తీసేశాడు. తర్వాత వైఫై ఆపి, కరెంటు పీకేశాడు. పావుగంట అలాగే ఉంచి మళ్లీ పెట్టాడు. బోర్డు వెలిగి సరైన వఖ్త్ చూపింది. నా చేతి వాచీతో పోల్చి చూశా. పదిసార్లు పీకించి పదిసార్లు చూశా. వాడు విసుక్కోలేదు.

ఫోన్ పెట్టేసేముందు భాంజా ఒక మాటన్నాడు. డివైస్ ట్రీ రాసేవాళ్లకు ఒక ఉసూల్ ఉందట. ఉన్నది ఉన్నట్టు రాయాలి. నీకు ఏం కావాలో అది కాదు, ఏ డ్రైవర్‌కు ఏది సుకూనో అది కాదు, హార్డ్‌వేర్ ఎలా ఉందో అదే. ఎందుకంటే ఇవాళ రాసిన షజరా పదేళ్ల తర్వాతి కెర్నల్ చేతికి కూడా పోవచ్చు, అప్పుడూ పని జరగాలి. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు పరిశీలించకుండా కెర్నల్‌లోకి రానివ్వరు. ఎవరి గురించి ఏమేం రాయాలో నియమాలు కూడా ఫైళ్లుగా ఉన్నాయి, తప్పు రాస్తే పట్టే ప్రోగ్రాం ఉంది. "వోల్టేజీ తప్పు రాస్తే చిప్ కాలిపోవచ్చు మామూ. లేనివాణ్ణి ఉన్నాడంటే ఇబ్బంది, ఉన్నవాణ్ణి రాయకపోతే మీ ఇంట్లో అయిందే అవుతుంది."

ఆ రాత్రి మావాడికి చూపిద్దామని పెట్టెలోంచి మా అబ్బా రాసిన షజరా తీశాను. పసుపుబారిన ఫుల్‌స్కేప్ కాగితం, ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాలు. ఆరు తరాలు. మావాడికి ఉర్దూ కూడబలుక్కుని చదవడం వచ్చు. వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చాడు. అబ్బా పేరు, వారి కింద నా పేరు, తమ్ముళ్ల పేర్లు.

"ఆపాఫుప్పూ పేరేది అబ్బా? దాదీ పేరేది?"

లేవు. మా ఆపా లేదు. మా అమ్మీ లేదు. ఆరు తరాల కాగితంలో ఒక్క ఔరత్ పేరు లేదు. నేను నలభై ఏళ్లుగా ఆ కాగితం చూస్తున్నా. నాకు ఎప్పుడూ తట్టలేదు. అబ్బా మంచివారు, అమ్మీని అడగకుండా ఏ పనీ చేసేవారు కాదు. కానీ షజరా అంటే అలాగే రాస్తారని వారికి ముందువాళ్లు నేర్పారు, అలాగే రాశారు. ఇల్లంతా ఎవరి మీద నడిచిందో ఆ మనిషే కాగితం మీద లేదు.

మావాడు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మర్నాడు స్టేషనరీ దుకాణంలో పెద్ద చార్ట్ కొన్నాను. అబ్బా రాసినదాన్ని ముట్టుకోలేదు, అది వారి యాద్‌గార్. దాన్ని చూసి కొత్తది రాయడం మొదలుపెట్టాను. అబ్బా పేరు పక్కన అమ్మీ పేరు, కింద మొదట ఆపా పేరు. దాదీ పేరు అమ్మీని అడిగాను. పర్‌దాదీ పేరు అమ్మీకి కూడా గుర్తులేదు. ఊళ్లో ఉన్న చిన్న ఖాలాకు ఫోన్ చేసి కనుక్కుంది. అంతకు పైన ఎవరికీ తెలీదు. అక్కడ గీత గీసి ఖాళీగా ఉంచాను. ఊహించి రాయలేదు.

ఘడీ మళ్లీ మసీదుకెక్కింది. మావాడు కమిటీ ముందు నిలబడి, "తప్పు మౌజన్ సాబ్‌ది కాదు, నాది. గడియారం చిప్ పెట్టాను గానీ దాని పేరు రాయాల్సిన చోట రాయలేదు" అని మొత్తం చెప్పాడు. కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు. మౌజన్ సాబ్‌ను అన్న పెద్దమనిషి లేచి ఆయన చేయి పట్టుకున్నాడు. మాఫీ అనే మాట వినిపించలేదు గానీ చేయి చాలాసేపు వదల్లేదు.

షవ్వాల్‌లో అమ్మీ ఖజా రోజా ఉంది. ఆ సహర్‌కు మావాడు కూడా లేచి దాదీతో పాటు రోజా పెట్టుకున్నాడు. వాడిది పోలేదు, వాడి ఫోన్లో వఖ్త్ సరిగ్గానే ఉండింది. అయినా పెట్టుకున్నాడు. అమ్మీ నీళ్ల గ్లాసు పట్టుకుని, "క్యా రే, అబ్ తేరీ ఘడీ కా నామ్ లిఖ్‌దియా నా?" అంది. వాడు "హౌ దాదీ, లిఖ్‌దియా" అన్నాడు. ఆమె నవ్వి ఆఖరి గుటక తాగింది.

మౌజన్ సాబ్ ఇప్పుడు బోర్డు చూస్తారు, తాఖ్‌లోంచి తీసి మళ్లీ కట్టుకున్న హెచ్ఎంటీ చూస్తారు, బయటికొచ్చి ఒకసారి ఆస్మాన్ చూస్తారు. మూడూ కలిస్తేనే మైకు పట్టుకుంటారు.